జెనెటిక్ అల్గారిథమ్‌తో నెట్‌వర్క్‌లో గుంపులు పట్టుకోవడం ఎలా: డేటా శుభ్రం చేయడం నుంచి ఫలితాన్ని పరీక్షించడం దాకా

ఎం.టెక్ ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే నాకు ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "సార్, కోడ్ రన్ అవుతోంది, గుంపులూ వస్తున్నాయి. కానీ రన్ చేసిన ప్రతిసారీ వేరే గుంపులు వస్తున్నాయి. రేపే రివ్యూ." ఒక్కొక్కరికి విడివిడిగా జవాబు రాసే బదులు అంతా ఒక్కచోట రాస్తున్నాను. చరిత్ర జోలికి పోవడం లేదు, నేరుగా పనిలోకి దిగుదాం.

పని ఇదీ: నోడ్లు, వాటిని కలిపే ఎడ్జ్‌లు ఉన్న నెట్‌వర్క్ ఒకటి మన చేతిలో ఉంది. లోపల ఒకరితో ఒకరు గట్టిగా అల్లుకుని, బయటివాళ్లతో అంటీముట్టనట్టు ఉండే గుంపులు ఏవో కనిపెట్టాలి. ఎన్ని గుంపులున్నాయో ముందుగా తెలియదు.

అన్ని విభజనలూ వరసగా చూసేద్దామంటే కుదరదు. 10 నోడ్లను గుంపులుగా విడగొట్టడానికి 1,15,975 దారులున్నాయి. 15 నోడ్లకే అవి 138 కోట్లు దాటతాయి. అందుకే వెతుకులాటను పరిణామ పద్ధతికి అప్పగిస్తాం: కొన్ని విభజనలు పుట్టించి, మంచివాటిని కలిపి, కాస్త మార్చి, మళ్లీ వడపోస్తాం.

## 1. ముందు ఇది మీకు అవసరమా?

ఇది చాలామందికి నచ్చని మాట. మీకు కావలసింది మాడ్యులారిటీ స్కోరు (విభజన ఎంత బాగుందో చెప్పే అంకె, లెక్క 3వ మెట్టులో) పెంచడం మాత్రమే అయితే, నెట్‌వర్క్ పెద్దదైతే, గుంపులు పట్టే వేగవంతమైన లైడెన్ పద్ధతి వాడండి. లక్షల నోడ్లున్నా త్వరగా ముగించేస్తుంది. జెనెటిక్ అల్గారిథమ్ దానితో వేగంలో పోటీ పడలేదు.

జెనెటిక్ అల్గారిథమ్‌కు పెట్టిన శ్రమ దక్కేది ఈ సందర్భాల్లో:

- మీ స్కోరు మామూలుది కాదు, మీరే తయారుచేసుకున్నది.
- "ఈ ఇద్దరూ ఒకే గుంపులో ఉండకూడదు", "ఏ గుంపూ 40 దాటకూడదు" లాంటి షరతులున్నాయి.
- ఒకదానికొకటి పడని రెండు లక్ష్యాలను ఒకేసారి చూడాలి.
- ఒక్క జవాబు చాలదు, దాదాపు సమానంగా ఉన్న పలు జవాబులు కావాలి.

సాదా పైథాన్‌లో రాసుకుంటే కొన్ని వేల నోడ్ల దాకా ఓపిక పట్టవచ్చు. ఆపైన ఓపిక కాదు, వేరే పద్ధతి కావాలి.

## 2. డేటా సిద్ధం చేయడం

సగం తప్పులు ఇక్కడే పుడతాయి. అల్గారిథమ్ మొదలుపెట్టక ముందే ఈ జాబితా పూర్తి చేయండి:

- ఒకే ఎడ్జ్ రెండుసార్లు ఉందా? ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి అని ఫైల్లో రెండు వరసలుంటే ఒక్కటే ఉంచండి.
- తన నుంచి తనకే ఉన్న ఎడ్జ్‌లు తీసేయండి.
- ఏ ఎడ్జూ లేని ఒంటరి నోడ్లను పక్కన పెట్టండి. వాటి గుంపు సంగతి ఈ పద్ధతి చెప్పలేదు.
- నెట్‌వర్క్ ఒకే ముక్కగా ఉందా? విడిపోయిన ముక్కలుంటే ఒక్కో ముక్క మీద విడిగా రన్ చేసుకోవచ్చు. కానీ స్కోరులోని మొత్తం ఎడ్జ్‌ల సంఖ్య ఏ ముక్కదో గుర్తుంచుకోండి.
- ఎడ్జ్‌లకు బరువులున్నాయా? ఉంటే వాడుతున్నారా, వదిలేస్తున్నారా? ఇప్పుడే తేల్చుకుని రాసి పెట్టండి.
- నంబర్లు సున్నా నుంచా, ఒకటి నుంచా?

చివరి రెండూ చిల్లర విషయాల్లా కనిపిస్తాయి. నేను మొదటిసారి కరాటే క్లబ్ నెట్‌వర్క్ (అందరూ పరీక్షకు వాడే చిన్న నెట్‌వర్క్, వివరం 9వ మెట్టులో) మీద రన్ చేసినప్పుడు స్కోరు 0.44 దాటింది. ఆ నెట్‌వర్క్‌కు బరువుల్లేకుండా రాగల గరిష్ఠం 0.4198. రికార్డు బద్దలు కొట్టాననుకుని ఒక పూట మురిసిపోయాను. అసలు సంగతేమిటంటే, నెట్‌వర్క్‌ఎక్స్ అనే పైథాన్ లైబ్రరీ కొత్త వెర్షన్లలో ఆ నెట్‌వర్క్‌తో పాటు బరువులు కూడా వచ్చేస్తాయి. మాడ్యులారిటీ లెక్కించే ఫంక్షన్ మనం చెప్పకపోయినా వాటిని వాడేస్తుంది. బరువులు వద్దని ఫంక్షన్‌కు విడిగా చెప్పాలి.

## 3. స్కోరు చేత్తో ఒకసారి లెక్కించండి

అల్గారిథమ్‌కు మంచీచెడూ తెలియవు. మీరిచ్చిన స్కోరు ఒక్కటే తెలుసు. అందుకే లైబ్రరీ ఫంక్షన్ పిలిచే ముందు ఒక చిన్న గ్రాఫ్ మీద కాగితం పెట్టుకుని లెక్క చేయండి.

మాడ్యులారిటీని క్యూ అందాం. ప్రతి గుంపుకూ రెండు అంకెలు కావాలి. ఒకటి, గుంపు లోపలి ఎడ్జ్‌లను మొత్తం ఎడ్జ్‌లతో భాగిస్తే వచ్చేది. రెండు, గుంపులోని నోడ్ల డిగ్రీలన్నీ (డిగ్రీ అంటే నోడ్‌కున్న ఎడ్జ్‌ల సంఖ్య) కూడి, మొత్తం ఎడ్జ్‌లకు రెట్టింపుతో భాగించి, వర్గం చేస్తే వచ్చేది. మొదటిదానిలోంచి రెండోది తీసేయాలి. అన్ని గుంపులకూ ఇలా చేసి కూడితే క్యూ.

రెండు త్రిభుజాలు తీసుకోండి: 1, 2, 3 ఒకటి, 4, 5, 6 ఇంకొకటి. మధ్యలో 3 నుంచి 4కు ఒక ఎడ్జ్. మొత్తం 7 ఎడ్జ్‌లు.

- త్రిభుజానికొక గుంపు: ఒక్కోదానిలో 3 లోపలి ఎడ్జ్‌లు, డిగ్రీల మొత్తం 7. ఒక్కో గుంపుకు 3/7 − (7/14) వర్గం, అంటే 0.4286 − 0.25. రెండూ కలిపి 0.357.
- అందరూ ఒకే గుంపు: 1 − 1 = 0.
- 4ను మొదటి గుంపులోకి లాగితే: లోపలి ఎడ్జ్‌లు 4, 1, డిగ్రీల మొత్తాలు 10, 4. క్యూ 0.122.

మీ కోడ్ ఈ మూడు అంకెలూ ఇవ్వకపోతే ముందుకు వెళ్లకండి. ఇక్కడ తప్పున్న కోడ్ కూడా 200 తరాలు చక్కగా పరిగెత్తుతుంది, స్కోరు గీత కూడా అందంగా పైకి లేస్తుంది. తప్పు దేని స్కోరో పెంచుతూ పోతుంది, అంతే.

## 4. విభజనను జీన్లుగా రాయడం

అందరికీ మొదట తట్టేది ఇదే: ప్రతి నోడ్‌కూ ఒక గుంపు నంబరు. పై గ్రాఫ్‌కు 1 1 1 2 2 2. చూడ్డానికి బాగుంది. కానీ 2 2 2 1 1 1 కూడా అదే విభజన. ఈ ఇద్దరు తల్లిదండ్రులనూ మధ్యలో కోసి కలపండి (దీన్నే క్రాసోవర్ అంటారు). బిడ్డ 1 1 1 1 1 1. ఇద్దరూ 0.357 ఉన్నవాళ్లు, బిడ్డకు సున్నా! "క్రాసోవర్ పెడితే ఇంకా పాడవుతోంది" అన్న ఫిర్యాదులు చాలావరకు ఇక్కడి నుంచే వస్తాయి.

దీనికి మందు పొరుగు ఆధారిత రాత. క్లారా పిజ్జుటి 2008లో జీఏ-నెట్ పద్ధతిలో వాడింది ఇదే. ప్రతి నోడ్‌కూ ఒక జీన్ ఉంటుంది. ఆ జీన్‌లో ఆ నోడ్ పొరుగువాళ్లలో ఒకరి నంబరు ఉంటుంది. "నేనూ ఇతనూ ఒకే గుంపు" అని దాని అర్థం. అన్ని జీన్లూ చదివి, అలా కలిసినవాళ్లను కలుపుకుంటూ పోతే గుంపులు బయటపడతాయి.

మన ఉదాహరణలో జీన్లు 2 3 1 5 6 4 అనుకోండి. 1 పోయి 2ను, 2 పోయి 3ను, 3 పోయి 1ని పట్టుకున్నాయి. అటు 4, 5, 6 కూడా అంతే. రెండు గుంపులు. మూడో జీన్ 1 నుంచి 4కు మారితే అందరూ ఒకటే గుంపు. మొదటి జీన్ 2 నుంచి 3కు మారితే ఏమీ మారదు.

ఈ రాతతో మూడు లాభాలు:

- గుంపుల సంఖ్య ముందుగా చెప్పనక్కర్లేదు.
- ప్రతి గుంపూ లోపల కలిసే ఉంటుంది, తెగిపోయిన గుంపు పుట్టదు.
- ఇద్దరు తల్లిదండ్రుల నుంచి ఏ జీన్ తీసుకున్నా అది నిజమైన ఎడ్జే, కాబట్టి బిడ్డ ఎప్పుడూ చెల్లుతుంది.

ఒక లోటు కూడా ఉంది. ఒక్క నోడే ఒక గుంపుగా మిగలడం ఇందులో కుదరదు. అలాంటిది కావాలంటే జీన్ తన నంబరునే చూపే వీలు కూడా ఇవ్వాలి.

గుంపులు చదవడానికి యూనియన్-ఫైండ్ (కలిసినవాళ్లను ఒక గుంపులో చేర్చుకుంటూ పోయే పద్ధతి) వాడండి. చదివాక గుంపులకు కొత్త నంబర్లు వేయండి: మొదటి నోడ్ గుంపు 1, తర్వాత కొత్తగా ఎదురైన గుంపు 2, అలా. దీంతో ఒకే విభజన ఎప్పుడూ ఒకేలా కనిపిస్తుంది, స్కోరును ఒకసారి లెక్కించి దాచుకోవచ్చు.

## 5. మొదటి తరం

పాపులేషన్ (ఒక తరంలో ఉండే విభజనల సంఖ్య) 100తో మొదలుపెట్టండి. ఒక్కో సభ్యుడికీ ప్రతి జీన్‌లో ఆ నోడ్ పొరుగువాళ్లలో ఒకరిని గుడ్డిగా ఎంచి పెట్టండి. పొరుగు జాబితాలు ముందే తయారుచేసి ఉంచుకుంటే ఇది క్షణాల పని.

మాడ్యులారిటీ పెంచే మరో వేగవంతమైన పద్ధతి లూవాన్. దాని ఫలితాన్ని మొదటి తరంలో కలపవచ్చా అని అడుగుతారు. కలపవచ్చు, కానీ చిటికెడే: 100లో 5 చాలు. ఎక్కువైతే పది తరాల్లో అందరూ దాని నకళ్లే అవుతారు. అప్పుడు మీరు జెనెటిక్ అల్గారిథమ్ రన్ చేయలేదు, లూవాన్‌కు వేషం మార్చారు.

## 6. ఎంపిక, క్రాసోవర్, మ్యుటేషన్

ఒక తరం నుంచి ఇంకో తరానికి వెళ్లే వరస ఇది:

1. ఇప్పటి తరంలో మేటి ఇద్దరిని అలాగే కొత్త తరంలోకి పంపండి. ఎలైట్ అంటే వీళ్లే. ఐదుగురిని మించొద్దు.
2. గుడ్డిగా ముగ్గురిని తీసి వాళ్లలో మేటిని తండ్రిగా తీసుకోండి. మళ్లీ ముగ్గురిని తీసి తల్లిని ఎంచండి.
3. 0.8 అవకాశంతో క్రాసోవర్: ప్రతి జీన్‌కూ నాణెం ఎగరేసి తండ్రిదో తల్లిదో తీసుకోండి. మిగతా 0.2లో తండ్రి నకలే బిడ్డ.
4. ప్రతి జీన్‌నూ చిన్న అవకాశంతో మార్చండి: ఇంకో పొరుగువాణ్ణి పెట్టండి.
5. బిడ్డ విభజన చదివి, స్కోరు లెక్కించి, కొత్త తరంలో చేర్చండి.
6. 100 నిండేదాకా 2 నుంచి 5 వరకు మళ్లీ.

నోడ్ల నంబర్లకు అర్థమేమీ ఉండదు. 7, 8 పక్కపక్కన ఉన్నంత మాత్రాన నెట్‌వర్క్‌లో అవి పొరుగువాళ్లు కారు. అందుకే ఒకచోట కోసే క్రాసోవర్ కన్నా జీన్ జీన్‌కూ నాణెం ఎగరేయడమే నయం.

మ్యుటేషన్ రేటు పుస్తకాల్లో 1/నోడ్ల సంఖ్య అని కనిపిస్తుంది. ఈ రాతలో దాన్ని రెండు మూడింతలు చేయమంటాను. ఇందాక చూశాంగా, 2 పోయి 3 వచ్చినా విభజన మారలేదు. అలాంటి ఉత్తుత్తి మార్పులు చాలా పడతాయి కాబట్టి రేటు కాస్త ఎక్కువే ఉండాలి.

పైథాన్‌లో డీప్ (DEAP) అనే పరిణామ పద్ధతుల లైబ్రరీ వాడితే ఈ చట్రమంతా సిద్ధంగా దొరుకుతుంది. కానీ మొదటిసారి మీరే రాయండి. అంతా కలిపి 150 లైన్లు కూడా కాదు.

## 7. స్థానిక మెరుగు: చాలామంది వదిలేసే మెట్టు

క్రాసోవర్, మ్యుటేషన్ దూరం దూకడానికి మంచివి. చివరి ఒకటి రెండు నోడ్లను సరైన చోట కూర్చోబెట్టడంలో అవి బద్ధకస్తులు. అందుకే ప్రతి ఐదు తరాలకొకసారి పైనున్న పదిమందికి చిన్న దిద్దుబాటు చేయండి: సరిహద్దులో ఉన్న ప్రతి నోడ్‌నూ పక్క గుంపులోకి మారిస్తే క్యూ పెరుగుతుందా చూసి, పెరిగితే మార్చండి.

ప్రతిసారీ మొత్తం స్కోరు మళ్లీ లెక్కించనక్కర్లేదు. పెరుగుదల రెండు ముక్కలు:

- కొత్త గుంపులోకి నోడ్‌కున్న ఎడ్జ్‌లలోంచి పాత గుంపులోకి ఉన్నవి తీసేసి, మొత్తం ఎడ్జ్‌లతో భాగించండి.
- కొత్త గుంపు డిగ్రీల మొత్తంలోంచి, ఈ నోడ్‌ను మినహాయించిన పాత గుంపు మొత్తం తీసేయండి. దాన్ని నోడ్ డిగ్రీతో గుణించి, మొత్తం ఎడ్జ్‌ల వర్గానికి రెట్టింపుతో భాగించండి.

మొదటిదానిలోంచి రెండోది తీసేస్తే పెరుగుదల.

కరాటే క్లబ్‌లో 10వ సభ్యుడిని చూడండి. 34 మంది, 78 ఎడ్జ్‌ల ఆ నెట్‌వర్క్‌లో అతనికున్నవి రెండే ఎడ్జ్‌లు: ఒకటి 3తో, ఒకటి 34తో. 3 ఉన్న గుంపు నుంచి 34 ఉన్న గుంపుకు మారిస్తే మొదటి ముక్క సున్నా, ఎందుకంటే అటొకటి ఇటొకటి. అతన్ని తీసేస్తే మొదటి గుంపు డిగ్రీల మొత్తం 60, రెండోదానిది 54. కాబట్టి రెండో ముక్క 2 × (54 − 60) ÷ (2 × 6084), అంటే −0.001. దాన్ని తీసేస్తే పెరుగుదల +0.001. క్యూ 0.4188 నుంచి 0.4198కి చేరుతుంది. ఆ చివరి 0.001 కోసం మ్యుటేషన్ ఎన్ని తరాలు తడుముకుంటుందో! ఈ మెట్టుకు పట్టేది ఒక్క అడుగు.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది. దిద్దిన విభజనను మళ్లీ జీన్లుగా రాయాలి. "ప్రతి నోడ్‌కూ అదే గుంపులోని ఏదో ఒక పొరుగు" అని గుడ్డిగా పెడితే గుంపు పగిలిపోవచ్చు: నలుగురి గుంపులో 1, 2 ఒకరినొకరు, 3, 4 ఒకరినొకరు పట్టుకుంటే రెండు గుంపులైపోతాయి. కష్టపడి తెచ్చిన స్కోరు పోతుంది, ఎందుకు పోయిందో తెలియదు.

సరైన దారి: ప్రతి గుంపులోనూ ఒక నోడ్ నుంచి మొదలుపెట్టి, గుంపు లోపలి ఎడ్జ్‌ల మీదుగా వెడల్పు వారీగా వెతుకుతూ పొండి. ప్రతి నోడ్ జీన్‌లో తనను ఎవరు కనిపెట్టారో ఆ నంబరు పెట్టండి. మొదటి నోడ్‌కు తాను కనిపెట్టినవాళ్లలో ఒకరిని పెట్టండి. దిద్దుబాటులో గుంపు లోపల తెగిపోయి ఉంటే ఇది దాన్ని రెండు గుంపులుగా రాస్తుంది. కంగారు పడకండి, తెగిన గుంపును విడదీస్తే క్యూ పెరుగుతుందే తప్ప తగ్గదు.

## 8. ఎప్పుడు ఆపాలి

200 తరాలు పైహద్దుగా పెట్టి, 40 తరాలు మేటి స్కోరు కదలకపోతే ఆపేయండి. ప్రతి తరానికీ మూడు అంకెలు ఫైల్లో రాయండి: మేటి స్కోరు, సగటు స్కోరు, వేరువేరు విభజనల సంఖ్య.

మూడోదే అసలైన థర్మామీటర్. 100 మందిలో వేరువేరు విభజనలు పదికి పడిపోతే పాపులేషన్ చచ్చుబడినట్టే. తరాలు పెంచడం దండగ. నకళ్లను తీసేసి వాటి చోట గుడ్డిగా పుట్టించిన కొత్తవాళ్లను దించండి, లేదా ముగ్గురి పోటీని ఇద్దరికి తగ్గించండి.

## 9. జవాబు తెలిసిన చోట పరీక్షించండి

మీ సొంత డేటా మీదికి ఇప్పుడే వెళ్లకండి. వేన్ జాకరీ 1977లో ప్రచురించిన కరాటే క్లబ్ నెట్‌వర్క్‌తో మొదలుపెట్టండి. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ కరాటే క్లబ్ శిక్షకుడి వైపు, క్లబ్ నిర్వాహకుడి వైపు చీలిపోయింది. ఎవరు ఎటు వెళ్లారో రికార్డు ఉంది. శిక్షకుడు 1, నిర్వాహకుడు 34.

మీ ఫలితాలు వీటితో సరిపోవాలి:

- మేటి క్యూ 0.4198, నాలుగు గుంపులు, సైజులు 12, 11, 6, 5.
- ఐదుగురి గుంపు 5, 6, 7, 11, 17. బయటి ప్రపంచంతో వీళ్లకున్న నాలుగు ఎడ్జ్‌లూ 1 మీదుగానే.
- శిక్షకుడి వైపు ఉన్న రెండు గుంపులను ఒకటిగా, నిర్వాహకుడి వైపువి ఒకటిగా కలిపితే క్యూ 0.3715.
- నిజంగా జరిగిన చీలికకు క్యూ 0.3582.

చివరి రెండింటికీ తేడా ఒకే ఒక్క మనిషి, 9వ సభ్యుడు. అతనికున్న ఐదు ఎడ్జ్‌లలో మూడు నిర్వాహకుడి వైపువే. అయినా శిక్షకుడి వెంటే వెళ్లాడు, ఎందుకంటే బ్లాక్ బెల్ట్ పరీక్షకు అతనికింక మూడు వారాలే ఉంది. నెట్‌వర్క్‌లో బ్లాక్ బెల్ట్ కనిపించదు. సున్నా నుంచి లెక్కించే లైబ్రరీలో ఇతను 8వ నోడ్ అవుతాడు, నంబర్లు పోల్చేటప్పుడు చాలామంది జారేది ఇక్కడే.

అంటే జరిగిన చీలికకు 0.36, మన అల్గారిథమ్ గర్వంగా తెచ్చిన దానికి 0.42. స్కోరు ఎక్కువైతే నిజానికి దగ్గరైనట్టు కాదు. ఇది రివ్యూలో మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు, జవాబు దగ్గర పెట్టుకోండి.

ఐగ్రాఫ్ అనే లైబ్రరీలో చిన్న నెట్‌వర్క్‌లకు కచ్చితమైన గరిష్ఠం లెక్కించే ఫంక్షన్ ఉంది. దానితో కూడా సరిచూసుకోండి. తర్వాత అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ నెట్‌వర్క్: 115 జట్లు, 613 ఆటలు. ఆ తర్వాత ఎల్ఎఫ్ఆర్ బెంచ్‌మార్క్‌తో కృత్రిమ నెట్‌వర్క్‌లు తయారుచేసి, గుంపుల మధ్య కలగలుపును 0.1 నుంచి 0.6 దాకా పెంచుతూ ఎక్కడ మీ కోడ్ చేతులెత్తేస్తుందో చూడండి.

## 10. ప్రతిసారీ వేరే గుంపులు ఎందుకు వస్తున్నాయి

మొదట్లో చెప్పిన మెసేజ్‌కు జవాబు ఇది. రెండు కారణాలుంటాయి.

ఒకటి, మీ అల్గారిథమ్ ఇంకా కొండ ఎక్కలేదు. రన్ రన్‌కూ మేటి స్కోరు బాగా మారుతుంటే ఇదే. తరాలు, పాపులేషన్, స్థానిక మెరుగు చూసుకోండి.

రెండు, స్కోర్లు దాదాపు ఒకటే, గుంపులు మాత్రం వేరు. ఇది కోడ్ తప్పు కాదు. మాడ్యులారిటీ కొండకు ఒకే శిఖరం ఉండదు, పైన చదునుగా ఉంటుంది. 10వ సభ్యుడు అటున్నా ఇటున్నా 0.001 తేడా. అలాంటివాళ్లు వందమంది ఉన్న నెట్‌వర్క్‌లో దాదాపు సమానమైన విభజనలు లెక్కలేనన్ని ఉంటాయి.

చేయాల్సింది:

1. 20 వేరువేరు సీడ్‌లతో (గుడ్డి ఎంపికలను మొదలుపెట్టే సంఖ్యలతో) రన్ చేయండి. సీడ్‌లన్నీ రాసి పెట్టుకోండి.
2. ఫలితాలను జతలుగా తీసుకుని రెండు విభజనలు ఎంత కలుస్తాయో చెప్పే సర్దుబాటు చేసిన పరస్పర సమాచార సూచీతో (ఏఎంఐ) పోల్చండి. గుంపు నంబర్లు మారినా ఇది పట్టించుకోదు. సర్దుబాటు లేనిది వాడితే చిన్న చిన్న గుంపులకు ఉత్తపుణ్యాన మార్కులు పడతాయి.
3. ప్రతి ఇద్దరు నోడ్లూ 20 రన్‌లలో ఎన్నిసార్లు ఒకే గుంపులో పడ్డారో పట్టిక వేయండి.
4. 18 సార్లకు పైగా కలిసి ఉన్నవాళ్లు గుంపు గుండెకాయ. సగం సార్లే కలిసినవాళ్లు సరిహద్దు మనుషులు.

ఒక్క మేటి విభజనను రంగుల బొమ్మగా వేసి చూపడం కన్నా ఈ పట్టిక చూపడమే నిజాయితీ అని నా అభిప్రాయం. చాలాసార్లు ఆ సరిహద్దు మనుషుల జాబితాలోనే ఆసక్తికరమైన సంగతి ఉంటుంది.

## 11. అసలు గుంపులు ఉన్నాయా?

గుడ్డిగా అల్లిన నెట్‌వర్క్‌లో కూడా మాడ్యులారిటీ ఎక్కువ రాగలదు. 0.3 దాటితే నిర్మాణం ఉన్నట్టేనన్న సూత్రాన్ని నమ్ముకోకండి.

మీ నెట్‌వర్క్‌లో రెండు ఎడ్జ్‌లు తీసుకుని వాటి కొసలు అటూ ఇటూ మార్చండి. ఎడ్జ్‌ల సంఖ్యకు పదింతలు ఇలా చేస్తే అందరి డిగ్రీలూ అలాగే ఉంటాయి, అల్లిక మాత్రం చెదిరిపోతుంది. ఇలాంటివి 50 తయారుచేసి, అవే సెట్టింగులతో అదే అల్గారిథమ్ రన్ చేయండి. మీ అసలు స్కోరు ఆ 50 స్కోర్లకు బాగా పైన ఉంటేనే నోరు విప్పండి. వాటి మధ్యలోనే పడితే, మీరు పట్టుకున్నవి గుంపులు కావు, పొగ.

## 12. చిన్న గుంపులు మాయమైతే

ఐదుగురు చొప్పున 30 గుంపులు ఊహించుకోండి. ప్రతి గుంపులో అందరికీ అందరూ తెలుసు. గుంపుల్ని వలయంగా ఒక్కో ఎడ్జ్‌తో కలపండి. మొత్తం 330 ఎడ్జ్‌లు. గుంపులేవో చిన్నపిల్లాడైనా చెబుతాడు.

క్యూ మాత్రం ఒప్పుకోదు. 30 గుంపులుగా ఉంచితే 0.876. పక్కపక్కవి రెండేసి కలిపి 15 చేస్తే 0.888! అల్గారిథమ్ చెప్పిన మాట విని రెండేసి కలిపేస్తుంది. ఫోర్తునాటో, బార్తెలెమీ 2007లో చూపిన రిజల్యూషన్ పరిమితి ఇదే. నెట్‌వర్క్ పెద్దదయ్యేకొద్దీ చిన్న గుంపులు క్యూ కంటికి ఆనవు.

సవరణ: స్కోరులోని రెండో అంకెను గామా అనే సంఖ్యతో గుణించండి. ఈ వలయానికి గామా 1.364 దాటగానే 30 గుంపులే గెలుస్తాయి. మీ డేటాకు ఎంత పెట్టాలో సూత్రం లేదు. 0.5 నుంచి 2 దాకా మెట్లుమెట్లుగా పెంచుతూ, ఏ గుంపులు చాలా మెట్ల దాకా చెదరకుండా నిలుస్తాయో చూడండి.

ఈ వలయాన్ని మీ కోడ్ పరీక్షల్లో శాశ్వతంగా ఉంచుకోండి. తయారుచేయడం తేలిక, జవాబు తెలుసు.

## 13. రెండు లక్ష్యాలు ఒకేసారి

గామా ఎంత అని తల బద్దలు కొట్టుకునే బదులు క్యూలోని రెండు అంకెలనూ విడివిడి లక్ష్యాలుగా ఇవ్వవచ్చు. లోపలి ఎడ్జ్‌ల వాటా పెంచు, డిగ్రీల వర్గాల మొత్తం తగ్గించు. రెండూ ఎదురెదురుగా లాగుతాయి: అందరినీ కలిపేస్తే మొదటిది 1, విడదీసేకొద్దీ రెండోది తగ్గుతుంది.

దీనికి పలు లక్ష్యాలను ఒకేసారి చూసే జెనెటిక్ అల్గారిథమ్ ఎన్‌ఎస్‌జీఏ-2 సరిపోతుంది. ఐఐటీ కాన్పూర్‌లో కల్యాణ్‌మయ్ దేబ్ బృందం తయారుచేసింది, 2002లో ప్రచురించారు, డీప్‌లో సిద్ధంగా ఉంది. జీన్ల రాత, క్రాసోవర్, మ్యుటేషన్ మనవే, ఎంపిక మాత్రమే మారుతుంది.

కరాటే క్లబ్‌లో రెండు గుంపుల విభజనకు ఈ అంకెలు 0.872, 0.500. నాలుగు గుంపులకు 0.731, 0.311. ఒకటి ఇంకోదాన్ని రెండింట్లోనూ ఓడించలేదు, అందుకే ఒకదాని మూలంగా రెండోది కొట్టుకుపోదు. ఒకే రన్‌లో ముతక విభజనలూ సన్న విభజనలూ చేతికొస్తాయి. ఏది కావాలో మీ ప్రశ్నను బట్టి మీరు ఎంచుకోవాలి, ఆ పని అల్గారిథమ్ మీదికి నెట్టకండి.

## 14. ఎక్కడ ఆగిపోయారు? త్వరగా చూసుకోవడానికి

- స్కోరు 1 దాటింది: ఒక్కో ఎడ్జ్‌నూ రెండుసార్లు లెక్కిస్తున్నారు.
- స్కోరు మరీ తక్కువ: మొత్తం ఎడ్జ్‌ల చోట డిగ్రీల మొత్తంతో భాగిస్తున్నారేమో.
- మేటి స్కోరు మధ్యలో పడిపోయింది: ఎలైట్ లేదు, లేదా ఎలైట్ సభ్యుడి జీన్ల జాబితాను నకలు తీయకుండా నేరుగా మ్యుటేట్ చేస్తున్నారు. పైథాన్‌లో రెండోదే ఎక్కువ.
- స్థానిక మెరుగు తర్వాత స్కోరు తగ్గింది: జీన్లుగా తిరిగి రాయడంలో గుంపు పగిలింది, 7వ మెట్టు చూడండి.
- పది తరాల్లోనే అంతా ఆగిపోయింది: ఎలైట్ ఎక్కువ, లేదా మొదటి తరంలో లూవాన్ ఎక్కువ.
- రన్ తెమలడం లేదు: ప్రతి ఇద్దరు నోడ్ల జతకూ స్కోరు లెక్కిస్తున్నారు. ఎడ్జ్‌ల మీద ఒక్కసారి తిరిగితే చాలు.

రివ్యూకు వెళ్లే ముందు చేతిలో ఉండాల్సినవి: సీడ్‌ల జాబితా, వాడిన సెట్టింగులు, బరువులు వాడారో లేదో, 20 రన్‌ల స్కోర్ల పట్టిక, చెదరగొట్టిన 50 నెట్‌వర్క్‌ల స్కోర్లు, లైడెన్ అదే డేటా మీద ఇచ్చిన క్యూ. లైడెన్ స్కోరు మీదానికంటే ఎక్కువగా ఉంటే దాన్ని దాచకుండా స్లైడ్ మీదే పెట్టండి, ఎలాగూ అడుగుతారు.